పాత ఫోర్ బై ఫోర్‌ను తక్కువ ఖర్చుతో ఆఫ్‌రోడ్‌కి సిద్ధం చేసుకోవడం: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి ముందు పాత జిప్సీయో, మహీంద్రా జీపో నిలబడితే చాలు, అడిగేవాళ్లు వస్తూనే ఉంటారు. అడిగేవి మాత్రం ఎప్పుడూ అవే: ఎంత ఎత్తు లేపాలి, ఏ టైరు వేయాలి, ఆర్టీవో వాళ్లు పట్టుకుంటారా. ఆ సందేహాలను పని జరిగే వరుసలో ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. విశాఖవాళ్లకు ఆఫ్‌రోడ్ అంటే ఎక్కువగా అనంతగిరి, పాడేరు, చింతపల్లి వైపు మన్యం దారులే. బురదలోంచి బయటపడ్డాక ఘాట్ దిగి, లారీల మధ్య అదే బండిలో ఇంటికి రావాలి. జవాబులన్నీ ఆ తిరుగు ప్రయాణాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే.

## కొనేముందు

బడ్జెట్ తక్కువ. జిప్సీ కొనాలా, పాత మహీంద్రా జీపా, మొదటి తరం థారా?

జిప్సీకి ఉన్న పెద్ద బలం తక్కువ బరువు. ఖాళీ బండి సుమారు ఒక టన్ను. బురదలో దిగబడటం తక్కువ, దిగబడినా నలుగురు తోస్తే కదులుతుంది. 1985లో వచ్చిన మొదటి జిప్సీలకు 970 సీసీ ఇంజనే ఉండేది. 1996 నుంచి వచ్చిన 1.3 లీటర్ల బండి చూసుకోండి, ఘాట్ ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. ఎంఎం 540 లాంటి పాత జీపులో ప్యూజో డీజిల్ ఇంజన్ ఉంటుంది. మెల్లగా పోతుంది, మోత చేస్తుంది, కానీ మన్యంలో సర్వీసు జీపులు చూసే ఏ మెకానిక్కైనా దాన్ని విప్పి బిగించగలడు. 2010లో వచ్చిన థార్ సీఆర్‌డీఈ 105 హార్స్‌పవర్‌తో ఈ మూడింట్లో హాయిగా నడిచేది. కాకపోతే దాని ధర ఇంకా దిగలేదు, బండికే డబ్బంతా పోతే పనికి మిగలదు. నన్నడిగితే ఇద్దరు ముగ్గురు తిరిగే బండికి జిప్సీ చాలు. సామాను ఎక్కువ, తొందర తక్కువ అనుకునేవాళ్లకు జీపు మంచిది.

ఫోర్ వీల్ పనిచేస్తుందని అమ్మేవాడు అంటున్నాడు. నమ్మడమెలా?

ముందు బండి కిందికి దూరి చూడండి. మైలేజీ కోసం ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (ముందు యాక్సిల్‌కి బలం చేర్చే తిరిగే కడ్డీ) విప్పి పక్కన పడేసిన బళ్లు చాలానే తిరుగుతున్నాయి. షాఫ్ట్ ఉంటే చదునైన చోట వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ఇంజన్ ఆపి, గేరులో ఉంచండి. ముందు హబ్‌లు (చక్రాన్ని యాక్సిల్ షాఫ్టుతో కలిపే లాకులు) రెండూ లాక్ చేసి ఫోర్ వీల్ వేయండి. ఒక ముందు చక్రాన్ని జాకీతో లేపి చేత్తో తిప్పండి. కొద్దిపాటి ఆట తప్ప తిరగకూడదు. ఫోర్ వీల్ తీసేస్తే అదే చక్రం సులువుగా తిరగాలి. రెండుసార్లూ ఒకేలా తిరిగిందంటే లోపల ఎక్కడో తెగిపోయినట్టే. ఆ తర్వాత మెత్తటి మట్టిలో లో గేరు వేసి కొంత దూరం నడపండి. గేరు తనంతట తానే బయటికి జారుతుంటే ధరలో గట్టిగా బేరమాడాలి, లేదా వదిలేయాలి.

విశాఖలో తిరిగిన బండి కొంటే తుప్పు సంగతేంటి?

కొనేముందు ఎక్కువసేపు చూడాల్సింది దీన్నే. సముద్రపు గాలిలోని ఉప్పు బయటి బాడీ కంటే ముందు ఛాసిస్‌ను తింటుంది. కమాన్ పట్టీలు ఛాసిస్‌కి తగిలే హ్యాంగర్లు, వెనక క్రాస్ మెంబర్, బాడీ మౌంటింగులు, సీటు కింద ఫ్లోరు, బ్రేకు పైపులు: ఈ చోట్ల స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి, చిన్న సుత్తితో తట్టి వినండి. గట్టి ఇనుము ఖణేల్‌మంటుంది, లోపల తిన్న ఇనుము మొద్దుగా మోగుతుంది. అడుగంతా కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే దాన్ని మెరుగని కాకుండా అనుమానంగానే చూడాలి. ఫ్లోరులో చిల్లులు పడితే రేకు ముక్క వేసి వెల్డింగ్ చేయొచ్చు. హ్యాంగర్ దగ్గర ఛాసిస్ పొరలు పొరలుగా ఊడుతుంటే ఆ బండి ఎంత చవకైనా వద్దు. లేపిన ఎత్తూ, పెద్ద టైర్లూ ఆ చోటే బరువు మోపుతాయి.

ఉత్తరాది నుంచి బండి చవగ్గా వస్తోంది. తెచ్చుకోవచ్చా?

ఢిల్లీ చుట్టుపక్కల పాత బళ్ల మీద ఆంక్షల వల్ల అక్కడ ధర తక్కువే. పొడి ప్రాంతంలో తిరిగిన బండికి తుప్పు కూడా తక్కువ ఉండొచ్చు. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, రవాణా ఖర్చు అన్నీ కలిపి లెక్కేసుకున్నాకే చవకో కాదో తేల్చండి. ఛాసిస్ మీద చెక్కిన నంబరు ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిపోవాలి. సైన్యం వేలంలో అమ్మిన బండి అయితే వేలం కాగితాలతో పాటు పౌర రిజిస్ట్రేషన్ పూర్తయి ఉండాలి. "రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకుందాం" అన్నచోట అడ్వాన్సు ఇవ్వకండి.

## మొదటి ఖర్చు

చేతిలో కొంచెం డబ్బే ఉంది. ముందు దేనికి పెట్టాలి?

బండి కొన్నాక మిగిలింది వంద రూపాయలనుకుంటే, నేనైతే నలభై బ్రేకులు, స్టీరింగు, కూలింగు, ఆయిళ్లకు పెడతాను. ముప్ఫై అయిదు టైర్లకు. పదిహేను చిక్కుకున్నప్పుడు లాగే సామానుకు. మిగతా పదిలో అడుగున రేకు, సీటు బెల్టులు. ఎత్తు లేపడం, డిఫ్ లాక్ (ఒకే యాక్సిల్ మీది రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేది), వించ్ (చిక్కుకున్న బండిని తాడుతో లాగే యంత్రం) వచ్చే ఏడాది సంగతి. ఈ వరుస ఫొటోలో అందంగా కనిపించదు. గాజువాక ఆటోనగర్‌లో బండి వదిలేటప్పుడు కూడా "మొత్తం చూసేయండి" అనకుండా, ఏ పనికి ఏ సామాను వేయాలో కాగితం మీద రాసి ఇస్తే బిల్లు చేయి దాటదు.

బ్రేకు బాగానే పడుతోంది. అయినా ముట్టుకోవాలా?

బీచ్ రోడ్డులో పడే బ్రేకు వేరు, అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు పడే బ్రేకు వేరు. బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన ఊళ్లో తేమకి కొదవ లేదు. వరసగా మలుపులు దిగుతుంటే డ్రమ్ములు, డిస్కులు కాలిపోయి, ఫ్లూయిడ్‌లోని నీరు ఆవిరై, పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. రెండేళ్లకోసారి ఫ్లూయిడ్ మొత్తం మార్చడం చాలా చవకైన పని. రబ్బరు గొట్టాలు పగుళ్లిస్తే కొత్తవి వేయండి. జిప్సీకి ముందు డిస్కులుంటాయి. నాలుగు వైపులా డ్రమ్ములున్న పాత జీపులో నీళ్లు దాటాక బ్రేకు కాసేపు పట్టదు, మెల్లగా వెళ్తూ పెడల్ నొక్కి ఆరబెట్టుకోవాలి. ఘాట్‌లో మాత్రం ఏ బండికైనా ఎక్కిన గేరులోనే దిగడం పాత డ్రైవర్ల అలవాటు, మంచి అలవాటు.

కొంచెం స్పీడందుకోగానే స్టీరింగ్ గడగడా ఊగిపోతోంది. పెద్ద టైర్ల వల్లేనా?

పెద్ద టైరు జబ్బును బయటపెడుతుంది, అంతే. ముందు బీమ్ యాక్సిల్ ఉన్న జిప్సీ, జీపుల్లో కింగ్‌పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, కమాన్ బుష్‌లు అరిగితే ఈ ఊపు వస్తుంది. చక్రాన్ని లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగు ఆట తెలుస్తుంది. పక్కకి పట్టుకుని ఊపితే టై రాడ్ సంగతి తెలుస్తుంది. స్టీరింగ్ డ్యాంపర్ కొత్తది వేసి సరిపెట్టేవాళ్లుంటారు. అది ఊపును కొన్నాళ్లు దాచిపెడుతుంది.

లో గేరులో మెల్లగా ఎక్కుతుంటే ఇంజన్ వేడెక్కుతోంది. రేడియేటర్ పెద్దది వేయాలా?

అక్కర్లేదు. ఉన్న రేడియేటర్‌ను విప్పించి లోపల శుభ్రం చేయించండి, బయట రెక్కల మధ్య ఎండిన బురద కడగండి. థర్మోస్టాట్, రేడియేటర్ మూత, ఫ్యాన్ బెల్టు కొత్తవి వేయండి. ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్‌ను ఎవరో ఎప్పుడో పీకేసి ఉంటారు, దాన్ని మళ్లీ పెట్టిస్తే సగం బాధ తీరుతుంది.

## టైర్లు, ఎత్తు

ఏటీ (ఆల్ టెరైన్, అన్ని దారులకూ) టైర్లా, ఎంటీ (మడ్ టెరైన్, బురదకు) టైర్లా?

వారమంతా ఊళ్లో, ఎప్పుడైనా మన్యంలో తిరిగే బండికి ఏటీ. వానాకాలం ఎర్రమట్టి బురదలో ఎంటీ బాగా పట్టుకుంటుందన్నది నిజమే. ఏటీ గాడుల్లో ఆ జిగురుమట్టి నిండిపోయి టైరు నున్నగా మారిపోతుంది. కానీ ఎంటీతో తడిసిన తారు రోడ్డు మీద బ్రేకు వేస్తే బండి ఆగే దూరం పెరుగుతుంది. మోత, మైలేజీ సరేసరి. విశాఖ నుంచి బురద దాకా వెళ్లే దారంతా తారు రోడ్డే.

జిప్సీకి ఎంత పెద్ద టైరు పడుతుంది? స్పీడోమీటర్ తప్పు చూపిస్తుందా?

కంపెనీ టైరు 205/70 ఆర్ 15, ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. 215/75 ఆర్ 15 వేస్తే సుమారు 703. అంటే డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల గుండు) కింద దాదాపు 18 మిల్లీమీటర్ల ఖాళీ పెరుగుతుంది, స్పీడోమీటర్ అయిదు శాతం తక్కువ చూపిస్తుంది. 235/75 ఆర్ 15 ఎత్తు సుమారు 733. స్పీడో దాదాపు పది శాతం తక్కువ చూపిస్తుంది, గేర్లు బరువెక్కుతాయి, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు తగులుతుంది. 1.3 లీటర్ల ఇంజన్‌తో నిండు బండిలో ఘాట్ ఎక్కితే ఆ పది శాతం కాలికి తెలుస్తుంది. తక్కువ ఖర్చులో 215/75 దగ్గర ఆగిపోవడం మంచిది.

టైర్ల జోలికి పోకుండా పొడవు షాకిళ్లు (కమాన్ పట్టీ చివరను ఛాసిస్‌కి కలిపే ఊగే లింకులు) వేసి ఎత్తు లేపేస్తే చాలదా?

సస్పెన్షన్ లేపితే బాడీ, ఛాసిస్ లేస్తాయి. డిఫరెన్షియల్ గుండు అంతకుముందున్న ఎత్తులోనే ఉంటుంది, ఎందుకంటే అది చక్రాల మధ్య యాక్సిల్‌కి బిగించి ఉంది. దాన్ని పైకి లేపేది టైరు ఒక్కటే. పైగా రెండంగుళాలు పొడవైన షాకిల్ వేస్తే బండి లేచేది సుమారు ఒక అంగుళమే. ముందు వైపు పొడవు షాకిళ్లు వేస్తే క్యాస్టర్ కోణం (స్టీరింగ్‌ను నేరుగా నిలిపే ముందు చక్రాల వాలు) మారి, హైవే మీద బండి అటూ ఇటూ తిరుగుతుంటుంది. ముప్పావు కిలోమీటరు సరళరేఖలో నడపడానికి చెమటలు పడతాయి. లేపక తప్పదనుకుంటే కుంగిన కమాన్ పట్టీలను వంపు తిప్పించడమో, ఒక పట్టీ అదనంగా వేయించడమో చేయండి. ఒకటిన్నర, రెండు అంగుళాలు దాటొద్దు. దానికి తగ్గ పొడవు షాకబ్జార్బర్లు వేయాలి. యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేకు గొట్టం బిగుసుకుంటుందేమో, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు (షాఫ్ట్ చివర్ల కీళ్లు) పట్టేస్తున్నాయేమో చూసుకోవాలి. ఈ చివరి రెండూ చూడకుండా మెకానిక్ బండి తాళం ఇచ్చేస్తే ఒప్పుకోకండి.

పాత థార్‌కి టోర్షన్ బార్ (ముందు వైపు స్ప్రింగులా పనిచేసే, మెలిపడే ఇనుప కడ్డీ) బోల్టు తిప్పితే ఉచితంగా లేస్తుందట. నిజమేనా?

లేస్తుంది. ముందు చక్రం కిందికి జారే దూరం అంతమేరకు తగ్గిపోతుంది, సీవీ జాయింట్ల (ముందు చక్రాలకు బలం చేర్చే షాఫ్టుల కీళ్లు) కోణం పెరిగి రబ్బరు బూట్లు త్వరగా చినుగుతాయి. గుంతల్లో టక్‌టక్‌మని తగులుతుంది. కుంగిన ముందుభాగాన్ని మామూలు ఎత్తుకి తేవడానికైతే సరే. తిప్పాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

గాలి ఎంత తగ్గించాలి?

ఖర్చులేని మోడిఫికేషన్ ఇదొక్కటే. రాళ్ల దారిలో, బురదలో 18 నుంచి 20 పీఎస్ఐ దాకా దింపితే టైరు నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది, నడుము నొప్పీ తగ్గుతుంది. జిప్సీ లాంటి తేలిక బండిని మెత్తటి ఇసుకలో 15 దాకా దింపొచ్చు, అప్పుడు స్టీరింగ్ గట్టిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది, జాగ్రత్త. తారు ఎక్కేముందు మళ్లీ నింపాలి. అందుకని బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్, ఒక మంచి గేజీ కొనండి. సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టేవి నాలుగు టైర్లు నింపేసరికి ఫ్యూజు ఎగరగొడతాయి.

గాడులు బాగా ఉన్న సెకండ్‌హ్యాండ్ టైర్లు దొరికాయి. తీసుకోవచ్చా?

టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఆరేళ్లు దాటితే గాడులు ఎంతున్నా వద్దు. అంకెలు గీకేసి ఉంటే అసలే వద్దు.

## డిఫరెన్షియల్, నీళ్లు, అడుగు భాగం

డిఫ్ లాక్ లేకుండా ఆఫ్‌రోడ్ కుదురుతుందా?

మన వైపు దారుల్లో చాలావరకు కుదురుతుంది. ఓపెన్ డిఫరెన్షియల్ ఉన్న బండికి మూలకు మూలగా రెండు చక్రాలు (ముందు కుడి, వెనక ఎడమ లాంటివి) గాల్లోకి లేస్తే ఆగిపోతుంది. అప్పుడు యాక్సిలరేటర్ తొక్కేయకుండా, లో గేరులో ఇంజన్ వేగం నిలకడగా ఉంచి బ్రేకు కొద్దికొద్దిగా నొక్కండి. ఊరికే తిరిగే చక్రానికి అడ్డు తగిలి, రెండో చక్రానికి బలం వెళ్తుంది. అన్నిటికంటే ముందు, బండి దిగి నడిచి, చక్రం ఎక్కడ పెట్టాలో చూసుకోవడం నేర్చుకోండి. డిఫరెన్షియల్‌కి వెల్డింగ్ కొట్టేస్తే చవగ్గా లాక్ అవుతుందని సలహా ఇచ్చేవాళ్లున్నారు. రోడ్డు మీద నడిచే బండికి అది చేయకూడదు. మలుపుల్లో టైర్లు ఈడ్చుకుంటాయి, యాక్సిల్ షాఫ్టులు తెగుతాయి. 2015 తర్వాతి థార్‌లో వెనక తనంతట తాను లాకయ్యే డిఫరెన్షియల్ వచ్చింది, బడ్జెట్ కుదిరితే అలాంటిది వెతకండి.

గెడ్డలు (కొండ వాగులు) దాటాలి. స్నార్కెల్ పెట్టించాలా?

స్నార్కెల్ గాలి తీసుకునే నోటిని పైకి పెడుతుంది, అంతవరకే. గొట్టం అతుకులు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా గాలి చొరకుండా మూసి లేకపోతే అది బండికి పెట్టిన అలంకారం. దానికంటే ముందు డిఫరెన్షియళ్లు, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక షాఫ్టులకు బలం పంచే గేరు పెట్టె), వీటి బ్రీదర్లకు, అంటే గాలి ఆడే చిన్న రంధ్రాలకు, సన్నటి గొట్టాలు తగిలించి ఇంజన్ గది పైభాగానికి తేవాలి. వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, ఆ చిన్న రంధ్రం గుండానే నీళ్లు లాక్కుంటుంది. గొట్టాల ఖర్చు కొన్ని వందలే. లోతు విషయంలో హబ్ మధ్యభాగం దాటితే పెట్రోల్ జిప్సీని దింపకండి. మన్యం గెడ్డలు పైన కొండల్లో వాన పడితే కిందికి కబురు లేకుండా పొంగుతాయి. ఎర్రగా పారే నీళ్లలో అడుగు కనపడదు. ముందు కర్రతో నడిచి చూడండి, నడవలేనంత ఒరవడి ఉంటే బండికీ అంతే. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ కొట్టవద్దు. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

అడుగున రేకు ఎంత మందం వేయించాలి?

ఇంజన్ సంపు, ట్రాన్స్‌ఫర్ కేసు, ఇంధన ట్యాంకు కింద 4 మిల్లీమీటర్ల ఎంఎస్ (మామూలు ఉక్కు) రేకు చాలు. ఛాసిస్‌కి వెల్డింగ్ చేయించకుండా బోల్టులతో బిగించండి, ఆయిల్ మార్చే చోట రంధ్రం ఉంచండి. బురద, ఉప్పు నీరు నిలబడకుండా మరికొన్ని రంధ్రాలు పెట్టించండి.

రూఫ్ ర్యాక్, లైట్ బార్?

పైన పెట్టే ప్రతి కిలో బండిని ఒరిగే వైపు లాగుతుంది. లైట్ బార్ రోడ్డు మీద వెలిగిస్తే ఎదుటివాడికి కళ్లు కనపడవు. రెండూ ఆఖర్న ఆలోచించండి, డబ్బు మిగిలితే.

## చిక్కుకుంటే

వించ్ కొనడం తప్పదా?

రెండు బళ్లు కలిసి వెళ్తే తప్పుతుంది. ఒక సాగే కైనెటిక్ స్ట్రాప్, రెండు మంచి డీ షాకిళ్లు (తాడును కొక్కేనికి తగిలించే ఇనుప కొండీలు, కమాన్ షాకిళ్లు కావు), పార, కొయ్య పలక, జాకీ ఉంటే చాలా గండాలు గడుస్తాయి. వించ్ శక్తి బండి నిండు బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లుండాలి, దానితో పాటు పాత బండి బ్యాటరీ, ఆల్టర్నేటర్ కూడా మార్చాల్సి వస్తుంది, ముక్కు మీద బరువు పడి ముందు కమాన్లు కుంగుతాయి. ఒంటరిగానే తిరుగుతానంటే చేత్తో లాగే వించ్ చూడండి. చెమట పట్టినా పని జరుగుతుంది.

తాడు ఎక్కడ కట్టాలి?

ఛాసిస్‌కి 8.8 గానీ 10.9 గానీ గ్రేడు బోల్టులతో బిగించిన కొక్కేనికి మాత్రమే. బంపర్‌కీ, టో బాల్‌కీ (ట్రైలర్ తగిలించే గుండు), యాక్సిల్‌కీ కట్టకండి. టో బాల్ తెగి ఎగిరితే మనిషి ప్రాణం తీస్తుంది. ఊపుతో లాగేటప్పుడు గొలుసు, ఇనుప తాడు వాడకండి, అవి సాగవు. తాడు మధ్యలో తడి గోనె సంచి గానీ దుప్పటి గానీ వేయండి. లాగేటప్పుడు తాడుకు దగ్గర్లో ఎవరూ ఉండకూడదు, వీడియో తీసే కుర్రాళ్లతో సహా.

## కాగితాలు

ఈ మార్పులకు ఆర్టీవో ఒప్పుకుంటారా?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ నిర్ణయించిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖరారు చేసింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 182ఏ సెక్షన్‌లో చేర్చారు. బ్రేకులు, బుష్‌లు, ఆయిళ్లు లాంటి మరమ్మతులకు ఏ ఇబ్బందీ లేదు. ఇంజన్ మార్చడం, ఛాసిస్ కోయడం, బాడీ మార్చడం ముందస్తు అనుమతి లేకుండా చేయకండి. పెద్ద టైర్లు, ఎత్తు లేపడం కూడా ఈ సెక్షన్ కిందికి వచ్చే మార్పులే, "అందరూ చేస్తున్నారు" అన్నది చెక్‌పోస్టులో పనికొచ్చే జవాబు కాదు. ఇనుప బుల్ బార్ల మీద 2017 డిసెంబర్‌లోనే కేంద్రం రాష్ట్రాలకు చర్యలు తీసుకోమని రాసింది.

బండికి 15 ఏళ్లు నిండాయి. ఇప్పుడేం చేయాలి?

ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి, అయిదేళ్లకోసారి. సొంత కార్లు, జీపులకు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో దాన్ని 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరు. మార్పుల పని మొదలుపెట్టకముందే, బండి అసలు రూపంలో ఉన్నప్పుడే ఇది పూర్తి చేసుకోవడం తెలివైన పని.

ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాలా?

చెప్పాలి, రాతపూర్వకంగా. చెప్పని మార్పును కారణంగా చూపి క్లెయిము తిరస్కరించవచ్చు.

## దారిలో, వచ్చాక

దగ్గర్లోనే బీచ్ ఉందిగా, ఎర్రమట్టి దిబ్బలున్నాయిగా. అక్కడ నడపొచ్చా?

వద్దు. విశాఖ తీరంలో చలికాలం నుంచి వేసవి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో అవి మొదటి షెడ్యూలు జీవులు. చక్రం కింద గూడు నలిగినా పైకి తెలియదు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ ప్రదేశం, ఒక టైరు గాడి పడితే వానకు అదే కాలువవుతుంది. కంబాలకొండ అభయారణ్యం. ఈ మూడూ లెక్కలోంచి తీసేయండి.

మరి మన్యంలో ఎక్కడికి వెళ్లాలి?

ఊళ్లను కలిపే కచ్చా దారులు చాలు. బొర్రా దగ్గర కటికి జలపాతం వైపు అద్దె జీపులు తిరిగే దారి చూస్తే పాత జీపు ఏం చేయగలదో అర్థమవుతుంది. దారి దాటి పొలాల్లోకి, వలిసె పూల తోటల్లోకి చక్రం పెట్టకండి, అది ఒకరి ఏడాది పంట. అడవి దారి అయితే అటవీ శాఖను అడిగాకే. ఏజెన్సీ చెక్‌పోస్టుల్లో బండి ఆపి వెతకడం మామూలే, అందుకని కొత్తగా రహస్య అరలు గట్రా పెట్టించకండి, గంటలు పోతాయి.

ఘాట్ రోడ్డులో ఫోర్ వీల్ వేసి నడిపితే పట్టు బాగుంటుందా?

పొడి తారు మీద వేయకండి. ఈ పాత బళ్లలో ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. ఆ తేడా జారడానికి తారు మీద చోటు ఉండదు కాబట్టి లోపల బిగుసుకుపోయి క్రాస్‌లు, గేర్లు దెబ్బతింటాయి. మట్టి, బురద, గులకరాళ్ల మీద మాత్రమే.

తిరిగొచ్చాక ఏం చూడాలి?

ఆ సాయంత్రమే అడుగు భాగం మంచినీళ్లతో కడగండి. డ్రమ్ముల్లోని బురదా, ఛాసిస్ పెట్టెల్లోని మట్టీ తడిగా ఉన్నప్పుడే సులువుగా వదులుతాయి. మర్నాడు డిఫరెన్షియల్ డ్రైన్ బోల్టు కొద్దిగా వదులు చేసి రెండు చుక్కలు చూడండి. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చొరబడ్డాయి, వెంటనే మార్చేయాలి. యూ బోల్టులు, వీల్ నట్లు, షాకబ్జార్బర్ బుష్‌లు ఒకసారి బిగించుకోండి. క్రాస్‌లకు, షాకిళ్లకు గ్రీజు కొట్టండి, పాత గ్రీజుతో పాటు నీళ్లు బయటికి వచ్చేదాకా.